ఎఫ్.ఏ. తప్పిన విద్యార్థి: శ్రీనివాస రామానుజన్

ఏటా మన బడి సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. ఈసారి ఎవరి గురించి రాయాలా అని మేము ఉపాధ్యాయులమంతా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఎక్కువమంది చెప్పిన పేరు శ్రీనివాస రామానుజన్. ఆయన తెలుగువారు కారు కదా అని మాలో ఒకరిద్దరు సందేహించిన మాట నిజమే. కానీ ఆయన కథలో విశాఖపట్నం ఉంది, నెల్లూరు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, మన క్లెమెంటిలో ఈ మధ్య ప్రతి ఇంట్లోనూ వినబడుతున్న ఒక భయం ఆ కథలో ఉంది.

ఆ భయం ఏమిటో పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. ఒక శనివారం క్లాసు అయిపోయాక, మా దగ్గర చిన్నప్పటి నుంచి తెలుగు నేర్చుకున్న ఒక అబ్బాయి తల్లి ఆగి మాట్లాడారు. అబ్బాయి ఇంగ్లండులో గణితం చదవాలనుకుంటున్నాడు. అక్కడి ప్రవేశ పరీక్ష నమూనా పేపరు ఇంట్లో రాస్తే సగం మార్కులు కూడా రాలేదట. స్కూల్లో లెక్కల్లో ఎప్పుడూ మొదటివాడే. ఇక వాడికి లెక్కలు రావని అర్థమా అని ఆవిడ అడిగారు. ఆ వేళ మేమేదో ధైర్యం చెప్పి పంపామే గానీ, సరైన జవాబు చెప్పామన్న తృప్తి మాకు కలగలేదు. ఈ వ్యాసం కొంతవరకు ఆ జవాబు కోసమే.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు బట్టల కొట్లో గుమాస్తా. తల్లి కోమలత్తమ్మాళ్. కలిగిన కుటుంబం కాదు. పదేళ్ల వయసులో, 1897లో, ప్రాథమిక పరీక్షలో తంజావూరు జిల్లాకే మొదటివాడుగా నిలిచాడు. అంటే పిల్లలూ, పరీక్షలు ఆయనకు మొదట్లో శత్రువులేమీ కావు. పరీక్షలే ఆయనను పైకెత్తాయి. పై తరగతుల వాళ్లు చదివే లోనీగారి త్రికోణమితి పుస్తకాన్ని పన్నెండు పదమూడేళ్లకే పూర్తి చేశాడంటారు.

పదిహేనో ఏట, 1903లో, ఒక స్నేహితుడి ద్వారా ఇంకో పుస్తకం చేతికొచ్చింది. జి.ఎస్. కార్ అనే ఆయన రాసిన గణిత సంగ్రహం అది. అందులో సుమారు అయిదు వేల సూత్రాలు ఒకదాని తరువాత ఒకటి వరుసగా ఉంటాయి. నిరూపణలు మాత్రం చాలా చోట్ల ఉండవు, ఉన్నా ఒక ముక్కలో తేల్చేస్తారు. కార్‌గారు లండనులో ప్రైవేటు మాస్టారు. కేంబ్రిడ్జి గణిత పరీక్షకు కట్టే కుర్రాళ్లకు పాఠాలు చెబుతూ రాసుకున్న నోట్సునే పుస్తకంగా వేశారు. మన భాషలో చెప్పాలంటే అది ఒక కోచింగు గైడు! అలాంటి గైడును మామూలు విద్యార్థి బట్టీపడతాడు. చెప్పేవాళ్లు ఎవరూ లేని ఈ కుర్రవాడు ప్రతి సూత్రం దగ్గరా ఆగి, ఇది ఎందుకు నిజమో తనంతట తాను కనిపెట్టడం మొదలుపెట్టాడు. కాగితం ఖరీదు కాబట్టి లెక్కంతా పలక మీద. తుడవడానికి గుడ్డ వెతుక్కునే ఓపిక లేక మోచేత్తో చెరిపేసేవాడు. తేలిన ఫలితం ఒక్కటే నోటు పుస్తకంలోకి ఎక్కేది. ఈ అలవాటు గుర్తుంచుకోండి, తరువాత పని పడుతుంది.

1904లో హైస్కూలు చదువు ముగిసింది. లెక్కల్లో ప్రథమ బహుమతి వచ్చింది. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. చదవడానికి స్కాలర్‌షిప్పు కూడా వచ్చింది. ఎఫ్.ఏ. అంటే ఫస్ట్ ఆర్ట్స్, ఈనాటి ఇంటర్మీడియట్ లాంటిదనుకోండి. అది దాటితేనే విశ్వవిద్యాలయపు డిగ్రీ చదువు.

అక్కడ కథ అడ్డం తిరిగింది. ఎఫ్.ఏ.లో గణితం ఒక్కటే కాదు. ఇంగ్లీషు, సంస్కృతం, గ్రీకు రోమను చరిత్ర, శరీరశాస్త్రం కూడా ఉండేవి. ఏ ఒక్కదాంట్లో తప్పినా మొత్తం తప్పినట్టే. రామానుజన్‌కు మిగతా సబ్జెక్టులు ఎక్కలేదు. ఆ క్లాసుల్లో కూర్చుని కూడా లెక్కలే చేసుకునేవాడు. ఇంగ్లీషు వ్యాసంలో తప్పాడు, స్కాలర్‌షిప్పు పోయింది. టర్ముకు ముప్ఫై రూపాయల పైచిలుకు ఫీజు కట్టాలి. బట్టల కొట్టు గుమాస్తా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

1905 ఆగస్టులో ఆ పదిహేడేళ్ల కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా రైలెక్కేశాడు. ఎక్కడికో తెలుసా? మన విశాఖపట్నానికి! కుంభకోణం నుంచి మద్రాసు, అక్కడి నుంచి కృష్ణా గోదావరులు దాటి వందల మైళ్లు ఉత్తరానికి. తెలుగు దేశంలో తనకు తెలిసినవాళ్లు ఎవరున్నారని వెళ్లాడో, ఏం ఆశించి వెళ్లాడో ఎవరూ గట్టిగా చెప్పలేదు. తల్లిదండ్రులు కంగారుపడి వెతికారు, పత్రికలో ప్రకటన కూడా వేయించారు. చివరకు ఇంటికి చేరాడు. మాలో విశాఖ వాళ్లు ఇద్దరున్నారు. బీచి రోడ్డులో నడిచినప్పుడల్లా, పరీక్ష పోయి, ముఖం చెల్లక వచ్చిన ఆ కుర్రవాడు ఇదే సముద్రాన్ని చూసి ఉంటాడు కదా అనిపిస్తుందని వాళ్లంటారు. ఈ భాగం మేము క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు నవ్వలేదు. ఫలితాలు వచ్చిన రోజున ఇంటికి వెళ్లబుద్ధి కాకపోవడం అంటే ఏమిటో వాళ్లకూ తెలుసు.

1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి మళ్లీ ప్రయత్నించాడు. కొన్ని నెలలకే జబ్బుపడి ఇంటికి రావలసి వచ్చింది. ఆ ఏడు పరీక్ష రాస్తే లెక్కల్లో నెగ్గి మిగతావి తప్పాడు. 1907లో ప్రైవేటుగా కట్టి ఇంకోసారి రాశాడు. ఫలితం మారలేదు. అంతే, డిగ్రీకి దారి మూసుకుపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. ఆ పరీక్ష అబద్ధం చెప్పిందా? లేదు. ఈ కుర్రవాడికి శరీరశాస్త్రం రాదని చెప్పింది, అది నిజమే. లెక్కలు వచ్చునని కూడా అదే పరీక్ష చెప్పింది. తప్పు పేపరుది కాదని మా ఉద్దేశం. ఆ మార్కులన్నిటినీ కలిపి ఒక్క ముక్కలో నెగ్గాడు, తప్పాడు అని తేల్చేసిన నియమంలో ఉంది లోపం. పరీక్ష వేరు, పరీక్ష ఫలితాన్ని వాడే తీరు వేరు. మన సింగపూరులోనే చూడండి. 2026 ప్రవేశాల నుంచి ఇక్కడి విశ్వవిద్యాలయాలు ఏ లెవెల్ పాయింట్లు లెక్కించే పద్ధతి మారింది. జనరల్ పేపరు, మూడు హెచ్2 సబ్జెక్టులు తప్పక లెక్కలోకి వస్తాయి. నాలుగో సబ్జెక్టు కలిపితే మొత్తం పెరిగితేనే కలుపుతారు, లేకపోతే వదిలేస్తారు. పేపర్లు అవే, వాటిని చదివే కళ్లు మారాయి. ఇలాంటి నియమం ఆనాడు ఉన్నా రామానుజన్ గట్టెక్కేవాడని మేము అనం, ఆయన తప్పింది ఒక్క సబ్జెక్టులో కాదు మరి!

తరువాతి మూడేళ్లు కష్టకాలం. ట్యూషన్లు చెప్పబోతే, ఈయన చెప్పే పద్ధతి పరీక్షకు పనికిరాదని పిల్లలు నిలవలేదు. 1909లో జానకితో పెళ్లయింది. 1910 మొదట్లో శస్త్రచికిత్స జరిగింది. తేరుకున్నాక నోటు పుస్తకాలు చంకలో పెట్టుకుని ఉద్యోగం కోసం బయలుదేరారు. చూపించడానికి వేరే సర్టిఫికెట్ ఏదీ లేదు, ఆ పుస్తకాలే.

భారత గణిత సంఘాన్ని 1907లో స్థాపించిన వి. రామస్వామి అయ్యర్ తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరు. రామానుజన్ ఆయన దగ్గర గుమాస్తా పని అడిగారు. ఆయన పుస్తకం తిరగేసి, ఇంతటివాణ్ణి తాలూకా కచేరీలో దస్తాలు మోయించడానికి మనసొప్పక, మద్రాసులోని మిత్రులకు చీటీ రాసి పంపారు. అలా చేతులు మారి ఆ చీటీలు చివరకు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారి దాకా తీసుకెళ్లాయి.

నెల్లూరు వాళ్లు మన బడిలో చాలామందే ఉన్నారు కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాం. రామచంద్రరావుగారు స్వయంగా గణితం తెలిసినవారు, గణిత సంఘంలో పనిచేసినవారు. మాసిన బట్టలతో, గడ్డం గీసుకోకుండా, చంకలో నోటు పుస్తకంతో వచ్చిన ఆ యువకుణ్ణి చూసి ఆయన మొదట ఏమీ తేల్చుకోలేకపోయారు. పుస్తకంలో ఉన్నది తనకు అర్థం కాలేదు. అర్థం కానంత మాత్రాన తప్పని కొట్టిపారేయలేదు, గొప్పదని నెత్తిన పెట్టుకోనూ లేదు. మళ్లీ రమ్మన్నారు. రామానుజన్ తెలివైనవారు, ఈయనకు తెలిసిన గణితం ఏపాటిదో గ్రహించి, ముందుగా సులువైన ఫలితాలు కొన్ని చూపించారు. అవి ప్రచురిత పుస్తకాలను మించి ఉన్నాయని కలెక్టరుగారికి తెలిసింది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లారు. చివరకు ఏం కావాలని అడిగితే, తిండికి ఇబ్బంది లేకుండా లెక్కలు చేసుకునే తీరిక చాలన్నారు రామానుజన్.

ఆలోచిస్తే అది కూడా ఒక ప్రవేశ పరీక్షే. కాకపోతే పరీక్షించేవాడు తొందరపడలేదు. ఒక్క మూడు గంటలతో సరిపెట్టలేదు. రామచంద్రరావుగారు ఆయనను నెల్లూరులో గుమాస్తాగా కూర్చోబెట్టడం అన్యాయమని తలచి మద్రాసుకు తిప్పి పంపి, నెలకు పాతిక రూపాయలు తన జేబులోంచి ఇచ్చారు. నెల్లూరుకు దక్కాల్సిన కీర్తి అలా మద్రాసుకు పోయిందని మా నెల్లూరు మాస్టారు ఇప్పటికీ నొచ్చుకుంటారు!

1911లో గణిత సంఘం పత్రికలో బెర్నూలీ సంఖ్యల మీద రామానుజన్ మొదటి వ్యాసం అచ్చయింది. ఊరికే ఒకరి డబ్బు తినడం ఇష్టం లేక 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్ఫై రూపాయల గుమాస్తాగా చేరారు. అక్కడ పైఅధికారి నారాయణ అయ్యర్ కూడా గణితం తెలిసినవారే కావడం అదృష్టం. సాయంత్రాలు ఇద్దరూ పలకలు పట్టుకుని కూర్చునేవారు.

పెద్దల ప్రోత్సాహంతో ఇంగ్లండుకు ఉత్తరాలు రాశారు. ఇద్దరు కేంబ్రిడ్జి ఆచార్యుల నుంచి సాయమేమీ దొరకలేదు. 1913 జనవరి 16న మూడో ఆయనకు రాశారు. ఆ మూడో ఆయన జి.హెచ్. హార్డీ. ట్రినిటీ కాలేజీలో గణితం చెప్పేవారు, వయసు 35.

హార్డీ గురించి చెప్పాలంటే ముందు ట్రైపాస్ గురించి చెప్పాలి. కేంబ్రిడ్జిలో గణిత డిగ్రీ పరీక్ష పేరు అది. ఫలితాలను ర్యాంకుల వరుసలో ప్రకటించేవారు. మొదటి తరగతి వాళ్లను ర్యాంగ్లర్లు అనేవారు, వాళ్లలో మొదటివాడు సీనియర్ ర్యాంగ్లర్. ఆ పేరు దేశమంతా మారుమోగేది. మన భారతీయుడు ఆర్.పి. పరాంజపే 1899లో ఆ స్థానం అందుకున్నప్పుడు ఇక్కడ పండుగే జరిగింది. అంత పేరొచ్చే ర్యాంకుకు కోచింగు లేకుండా ఉంటుందా? రౌత్ అనే ప్రైవేటు గురువు ఒక్కరే పాతికమందికి పైగా మొదటి ర్యాంకర్లను తయారు చేశారు. మన విజయవాడ, గుడివాడ రెసిడెన్షియల్ చదువులు చూసిన తల్లిదండ్రులకు ఇది కొత్తగా అనిపించదు. ఏ ప్రశ్న ఎలా వస్తుంది, దాన్ని ఎన్ని నిమిషాల్లో ముగించాలి, ఇదే సాధన. విద్యుత్తునూ అయస్కాంతాన్నీ ఒక్కటి చేసిన మాక్స్‌వెల్‌కు 1854లో వచ్చింది రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు ఎవరిదని అడిగితే వెంటనే పేరు చెప్పగలిగేవాళ్లు మన సంచిక పాఠకుల్లో ఎంతమంది?

ఆ మాక్స్‌వెల్‌ను దాటిన రౌతే, పైన చెప్పిన గురువుగారు! ర్యాంకు వచ్చినవారు అంత గొప్ప ఉపాధ్యాయుడయ్యారంటే ర్యాంకు ఉత్తదేమీ కాదని కూడా ఒప్పుకోవాలి.

హార్డీకి 1898లో నాలుగో ర్యాంకు వచ్చింది. ఆ తయారీలో గణితం మీదే విరక్తి పుట్టబోయిందని ఆయన తరువాత చెప్పుకున్నారు. లవ్ అనే ఆచార్యుడు ఒక ఫ్రెంచి విశ్లేషణ గ్రంథం చేతికివ్వడంతో అసలు గణితమంటే ఏమిటో తెలిసిందట. అందుకే ఆ ర్యాంకుల పద్ధతి మీద పోరాడినవారిలో ఆయన ముందున్నారు. 1909తో వరుస ర్యాంకుల ప్రకటన ఆగిపోయింది. మరుసటి ఏటి నుంచి తరగతుల్లో పేర్లు అక్షర క్రమంలో వేశారు.

విధి ఎంత చమత్కారమో చూడండి. ఆ ట్రైపాస్ కోచింగు కోసం పుట్టిన గైడు కుంభకోణంలో ఒక పేద కుర్రవాణ్ణి గణితజ్ఞుణ్ణి చేసింది. అక్కడి పరీక్ష ఆ కుర్రవాణ్ణి తోసేసింది. ట్రైపాస్ అంటే గిట్టని మనిషి చేతికి ఆ కుర్రవాడి ఉత్తరం వెళ్లింది.

ఉత్తరంలో నూటికి పైగా ఫలితాలు ఉన్నాయి, నిరూపణలు లేవు. పలక మీద చేసి మోచేత్తో చెరిపిన అలవాటు గుర్తుందా? అదే. హార్డీ తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి రాత్రి దాకా పరిశీలించారు. లిటిల్‌వుడ్ 1905 సీనియర్ ర్యాంగ్లర్. కొన్ని సూత్రాలు ఇదివరకే తెలిసినవి, కొన్ని కష్టపడితే నిరూపించగలిగినవి, కొన్ని మాత్రం వాళ్లెన్నడూ చూడనివి. అవి నిజమే అయి ఉండాలి, ఎందుకంటే అలాంటివి కల్పించగల ఊహ ఎవరికీ ఉండదు అన్న నిర్ణయానికి వచ్చారు. ఫిబ్రవరి 8న హార్డీ జవాబు రాస్తూ నిరూపణలు పంపమని అడిగారు.

మద్రాసులో ఈలోగా ఇంకో పెద్దమనిషి కలిశారు. వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ పోర్టు చూడడానికి వచ్చి రామానుజన్ పని చూశారు. ఈయన 1889 సీనియర్ ర్యాంగ్లర్. విశ్వవిద్యాలయానికి గట్టిగా సిఫార్సు రాశారు. అన్నట్టు, సింగపూరు పిల్లలకు వాకర్‌గారితో ఇంకో బంధుత్వం ఉంది. పసిఫిక్ మీది గాలి పీడనంలో ఊగిసలాటను పసిగట్టింది ఆయనే. ఎల్ నీనో ఏడాది వానలు తగ్గి, పొరుగు అడవుల పొగ కమ్ముకుని మీ స్కూల్లో ఆటల పీరియడు రద్దయినప్పుడు ఆయనను తలచుకోవచ్చు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. పరిశోధక స్కాలర్‌షిప్పుకు మాస్టర్స్ డిగ్రీ ఉండాలని నియమం. ఈయనకు ఎఫ్.ఏ. కూడా లేదు. గణిత పాఠ్యమండలి తరఫున ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యులు బి. హనుమంతరావుగారు సమావేశం పిలిచి, నారాయణ అయ్యర్‌ను కూడా రమ్మన్నారు. మండలి సిఫార్సు చేసింది. పైసభలో అభ్యంతరాలు వచ్చాయి. నియమం నియమమే కదా! కానీ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన చట్టంలోనే పరిశోధనను పెంపొందించడం దాని పని అని ఉంది కాబట్టి ఆ లక్ష్యం ఈ నియమం కంటే పెద్దదని వాదన నెగ్గింది. 1913 ఏప్రిల్‌లో నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్లకు స్కాలర్‌షిప్పు మంజూరైంది. షరతు ఒక్కటే, మూడు నెలలకోసారి చేసిన పని రాసి ఇవ్వాలి. తలుపు తీశారు గానీ గాలికి వదిలేయలేదన్నమాట. ఈ సమావేశం గురించి పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలే ఉంటాయి. మాకు మాత్రం రామానుజన్ జీవితంలో 1729 టాక్సీ కథ కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

1914 మార్చి 17న నెవాసా ఓడలో బయలుదేరి ఏప్రిల్ 14న లండను చేరారు. కేంబ్రిడ్జి కూడా అర్హతల విషయంలో పట్టు సడలించి పరిశోధక విద్యార్థిగా చేర్చుకుంది. 1916లో పరిశోధన ద్వారా బి.ఎ. ఇచ్చింది. మద్రాసులో దక్కని డిగ్రీ అది. ఆ పరిశోధన దేని మీదో చిన్నవాళ్లకు కూడా చెప్పవచ్చు. 12ను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఎన్ని? 1, 2, 3, 4, 6, 12 అని ఆరు. 12 కంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. 24కు ఎనిమిది, 60కి పన్నెండు. అలా తనకంటే చిన్నవాటన్నిటినీ భాజకాల లెక్కలో మించిపోయే సంఖ్యల నడత ఎలా ఉంటుందన్నది విషయం.

అయితే అక్కడ అంతా సుఖంగా సాగిందనుకోకండి. నిరూపణ అంటే ఏమిటో ఇరవై ఆరేళ్ల వయసులో నేర్చుకోవలసి వచ్చింది. హార్డీ, లిటిల్‌వుడ్‌లకు అది నేర్పడం కూడా కత్తి మీద సామే, ఉన్న ఊహాశక్తి చెడకూడదు కదా. రామానుజన్ రాసుకున్న ఫలితాల్లో కొన్ని తప్పులని కూడా తేలింది, ముఖ్యంగా ప్రధాన సంఖ్యల విషయంలో. హార్డీ ఆ సంగతి దాచలేదు. ఆ కుర్రవాణ్ణి ఇంకా చిన్న వయసులోనే ఎవరైనా గుర్తించి తీర్చిదిద్ది ఉంటే ఇంకెంత సాధించేవాడోనని బాధపడ్డారు.

ఆ అబ్బాయి తల్లి అడిగిన ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుందని మాకు అనిపిస్తుంది. ఇప్పుడు కేంబ్రిడ్జి గణితం సీటుకు అడిగే స్టెప్ అనే పరీక్ష 1987 నుంచి ఉంది. స్టెప్ 2, స్టెప్ 3 అని రెండు పేపర్లు. ఒక్కొక్కటి మూడు గంటలు, పన్నెండు ప్రశ్నలు, అందులో బాగా చేసిన ఆరే లెక్కలోకి వస్తాయి. క్యాలిక్యులేటరు ఉండదు. అరకొరగా పది ప్రశ్నలు ముట్టుకున్నవాడి కంటే నాలుగింటిని ఆసాంతం నిరూపించినవాడికే మేలు. స్కూలు పరీక్షలో తొంభై దాటే పిల్లవాడికి ఇంట్లో మొదటిసారి సగం రాకపోవడం వింతేమీ కాదు, అది వేరే రకం పేపరు. ఫలితం వాడే తీరు కూడా వేరు. దరఖాస్తు, ఇంటర్వ్యూ అయిపోయాక షరతు మీద సీటు ఇస్తారు. ఆ షరతు సాధారణంగా రెండు పేపర్లలోనూ 1 గ్రేడు. పరీక్ష జూన్‌లో, ఫలితం ఆగస్టులో. మన పిల్లలకు ఏ లెవెల్ ఫలితాలు అప్పటికి ఎప్పుడో వచ్చేసి ఉంటాయి, అబ్బాయిల్లో చాలామంది నేషనల్ సర్వీసులో ఉంటారు. కాబట్టి ఆ నెలల్లో సాధన తెగిపోకుండా చూసుకోవడమే అసలు తయారీ. పాత పేపర్లూ, కేంబ్రిడ్జి వారే నడిపే సాధన పాఠాలూ ఉచితంగా దొరుకుతాయి.

టి.ఎం.యు.ఎ. అనేది ఇంకోటి. అది దరఖాస్తు సమయంలోనే రాసేది. ఇరవై ప్రశ్నల చొప్పున రెండు పేపర్లు, ఒక్కొక్కదానికి 75 నిమిషాలు, రెండోదాంట్లో తర్కం, నిరూపణల మీద ప్రశ్నలుంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. స్కోరు 1 నుంచి 9 దాకా, నెగ్గడం తప్పడం అనేది లేదు. కేంబ్రిడ్జిలో ఆర్థికశాస్త్రం, కంప్యూటరు సైన్సులకు ఇది కావాలి. ఇంకా కొన్ని విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. ఒకచోట ఇంటర్వ్యూకు పిలవాలా వద్దా అన్నదానికి చూస్తారు, మరోచోట మిగతా దరఖాస్తుతో కలిపి తూకం వేస్తారు. ఆ ఏటికి ఏ విశ్వవిద్యాలయం ఏమంటుందో వారి ప్రకటనలోనే చూసుకోవాలి గానీ, పక్కింటివాళ్ల మాట మీద నడవకండి. అన్ని దారులూ పరీక్ష గుండానే పోవాలనీ లేదు. క్లెమెంటి అవెన్యూ 1లో 2005లో మొదలైన ఎన్.యు.ఎస్. హైస్కూలు పిల్లలు ఏ లెవెలే రాయరు, వాళ్లకు స్కూలు డిప్లమా వేరు.

రామానుజన్ దగ్గరికి వద్దాం. యుద్ధకాలం, చలి, శాకాహారం దొరకని ఇబ్బంది, ఇంటి మీద బెంగ. 1917లో మంచాన పడ్డారు. 1918లో రాయల్ సొసైటీ ఫెలోగా, అదే ఏడు అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఆ జబ్బు రోజుల్లోనే హార్డీ తానెక్కి వచ్చిన టాక్సీ నంబరు 1729 ఏమంత విశేషమైనది కాదంటే, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల అతి చిన్న సంఖ్య అదేనని రామానుజన్ వెంటనే చెప్పారు. 1719 అయితే కాదు, 1729 అయితేనే! 12 ఘనం, 1 ఘనం కలిపినా అదే, 10 ఘనం, 9 ఘనం కలిపినా అదే.

1919లో తిరిగి వచ్చారు. ఆరోగ్యం కుదుటపడలేదు. చివరి రోజుల్లో కూడా జానకమ్మ కాగితాలు అందిస్తుంటే లెక్కలు చేస్తూనే ఉన్నారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశారు. వయసు 32. ఆ చివరి ఏడాది కాగితాలు 1976లో ట్రినిటీ గ్రంథాలయంలో ఒక పెట్టెలో బయటపడ్డాయి. గణితజ్ఞులు వాటి మీద దశాబ్దాలు పనిచేశారు.

మార్కులంటే గిట్టని హార్డీ ఒకసారి సరదాగా గణితజ్ఞులకు నూటికి మార్కులు వేశారని చెబుతారు. తనకు 25, లిటిల్‌వుడ్‌కు 30, జర్మనీ మహా గణితజ్ఞుడు హిల్బర్ట్‌కు 80, రామానుజన్‌కు 100.

భారతదేశంలో 2012 నుంచి ఆయన పుట్టినరోజు డిసెంబరు 22ను జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ సమయంలో మనకు సెలవులు, సగం మంది హైదరాబాదులోనో విశాఖలోనో ఉంటారు. అందుకని జనవరిలో బడి తెరిచిన మొదటి శనివారం చిన్న పోటీ పెడుతున్నాం. 1729 తరువాత, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల సంఖ్య ఏది? అయిదు వేల లోపే ఉంది. క్యాలిక్యులేటరు వాడకూడదు. ఎలా కనిపెట్టారో తెలుగులో చెప్పాలి, సగం దాకా వచ్చినవాళ్లు కూడా వచ్చినంతవరకు రాసుకుని తీసుకురండి. జవాబు ఈ సంచికలో ఎక్కడా అచ్చు వేయలేదు.